చిన్నమామయ్య బొటనవేలు

పోయినేడాది జనవరిలో ఒక ఆదివారం మా బామ్మర్ది వీడియో కాల్ చేశాడు. ఇక్కడ మిస్సిసాగాలో పొద్దున్న ఏడు, అక్కడ సాయంత్రం ఐదున్నర. మామూలుగా ముందు వాడి మొహం కనపడుతుంది, తర్వాత అత్తయ్య వస్తుంది, కూర ఏం వండుకున్నావని అడుగుతుంది. ఆ రోజు మాత్రం వాడు "హలో" కూడా అనకుండా కెమెరా తిప్పి ఒక పాదం చూపించాడు.

ఎడమకాలి బొటనవేలు బొగ్గులా నల్లగా ఉంది. పక్క వేలు నీలంగా కమిలిపోయింది. ఆ పాదం చిన్నమామయ్యది. ఆయన మంచం మీద నుంచి కాలు కిందకి వేలాడేసి, మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"బావా, ఇక్కడ కాలు తీసెయ్యాల్సి రావచ్చంటన్నారు. ఒక పెద్ద ఊళ్ళో క్లినిక్కు ఉందంట. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్ పట్టి కాల్లో ఎక్కిస్తారంట. కొత్త రక్తనాళాలు మొలుస్తాయంట. ఆరు లక్షలు. అరెకరం కొబ్బరితోట బేరం పెట్టాం. నువ్వు కెనడాలో ఉన్నావు కదా, ఇది నిజమేనా?"

నేను చదివింది ఇంజనీరింగు, చేసేది ఇన్సూరెన్సు కంపెనీకి సాఫ్ట్‌వేరు. కానీ మా ఇళ్ళల్లో విదేశంలో ఉన్నవాడే డాక్టరు, లాయరు, వీసా ఆఫీసరు. ఆ హోదాకి తగ్గట్టే నేనూ క్షణం ఆలోచించకుండా, "అదంతా మోసంరా. రూపాయి కట్టొద్దు," అని చెప్పేశాను.

ఫోన్ పెట్టేశాక కాఫీ సగం తాగి వదిలేశాను. మోసం అని నాకెలా తెలుసు? తెలీదు. "స్టెమ్ సెల్స్" అన్న మాట వినగానే అలా అనడం చదువుకున్నవాడి అలవాటు, అంతే. అవతల ఉన్నది ఒక మనిషి కాలు. ఆ రోజు మొదలుపెట్టి పది రోజులపాటు రాత్రిళ్ళు దొరికినవన్నీ చదివాను. నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను. టైపింగు నేనెక్కడా నేర్చుకోలేదు, రెండు వేళ్ళతోనే కొడతాను, తప్పులుంటే క్షమించండి.

ముందు మామయ్య సంగతి. అమ్మకి చిన్న తమ్ముడు, నలభై ఎనిమిదేళ్ళు. లంకలో పొగాకు, గట్టు ఇవతల రెండెకరాల వరి. పద్నాలుగో ఏట చుట్ట ముట్టించాడు. లంక పొగాకు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి కొనే పని కూడా లేదు. మూడేళ్ళుగా గట్టు మీద ఫర్లాంగు దూరం నడిస్తే పిక్క పట్టేసేది. నిలబడితే తగ్గేది, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేసేది. "వయసు, తిమ్మిరి" అనుకున్నారు. తర్వాత రాత్రిపూట పడుకుంటే పాదం మంట. కాలు మంచం కిందకి వేలాడేస్తే కొంచెం ఉపశమనం. అలా కూర్చునే నిద్రపోవడం అలవాటైంది. చివరికి బొటనవేలి గోరు పక్కన చిన్న పుండు పడి మానలేదు. కాకినాడలో పరీక్షలు చేసి "బర్జర్స్ డిసీజ్" అన్నారు.

ఈ జబ్బుని 1879లో ఫెలిక్స్ వాన్ వినివార్టర్ అనే ఆయన మొదట వర్ణిస్తే, 1908లో న్యూయార్కులో లియో బర్జర్ వివరంగా రాశాడు, పేరు ఆయనకి దక్కింది. చేతుల్లో కాళ్ళల్లో ఉండే చిన్న, మధ్యరకం రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. ఎక్కువగా యాభై లోపు మగవాళ్ళకి వస్తుంది. పొగాకు వాడకం లేకుండా ఈ జబ్బు దాదాపు కనపడదు. సిగరెట్టు, బీడీ, చుట్ట, నమిలే పొగాకు, ఏదైనా ఒకటే.

చీలమండ దగ్గర రక్తపోటుని చేతి దగ్గర రక్తపోటుతో భాగిస్తే వచ్చే అంకెని బట్టి కాలికి ఎంత రక్తం అందుతోందో అంచనా వేస్తారు. మామూలుగా 1కి అటూ ఇటూ ఉంటుంది. 0.9 కంటే తగ్గితే జబ్బు ఉన్నట్టు. మామయ్యకి 0.4 వచ్చింది.

ఆ అంకె అర్థమేమిటో నాకు ఇక్కడి బస్టాపులో తెలిసింది. ఆ వారం మైనస్ 18 ఉంది. మామూలు బూట్లతో పదిహేను నిమిషాలు నిలబడ్డాను. వేళ్ళు ముందు నొప్పెట్టి, తర్వాత ఉన్నాయో లేవో తెలియకుండా పోయి, ఆఫీసులోకి వచ్చాక కారం పూసినట్టు మండాయి. చలికి ఒళ్ళు తన రక్తాన్ని లోపలికి లాక్కుని వేళ్ళని వదిలేస్తుంది. నాకు పదిహేను నిమిషాలు. మామయ్య పాదం గోదావరి ఎండలో కూడా రాత్రీ పగలూ అదే స్థితిలో ఉంది.

మామయ్యకి ఎలా చెప్పాలా అని వెతుక్కుంటే కాలవే గుర్తొచ్చింది. ధవళేశ్వరం నుంచి పెద్ద కాలవ వస్తుంది, దాన్నుంచి పిల్లకాలవలు, వాటి నుంచి పొలంలోకి బోదెలు. షుగరు, కొలెస్ట్రాలు ఉన్న పెద్దవయసు వాళ్ళకి సాధారణంగా పెద్ద కాలవలో పూడిక పడుతుంది. పూడిక తీయొచ్చు, అది బెలూను పెట్టి చేసే యాంజియోప్లాస్టీ. లేదా పూడిక దాటేలా పక్కనుంచి కొత్త కాలవ తవ్వి కలపొచ్చు, అది బైపాస్. బర్జర్స్‌లో పూడేది చివరి బోదెలు. పైన నీళ్ళున్నాయి, కింద చేనుంది, బైపాస్ తవ్వినా తీసుకెళ్ళి కలపడానికి అవతల కాలవే లేదు. అందుకే ఇలాంటి రోగుల్లో చాలామందికి సర్జన్లు "చేయడానికి ఏమీ లేదు" అంటారు.

అయితే ఒళ్ళు ఊరుకోదు. మూసుకుపోయిన నాళం చుట్టూ తనే సన్నని పక్కదారులు వేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. బర్జర్స్ రోగి కాలికి యాంజియోగ్రామ్ తీస్తే స్ప్రింగులా మెలికలు తిరిగిన సన్నని నాళాలు కనపడతాయి. ఆ పనిని మనం బయటి నుంచి ముమ్మరం చెయ్యగలమా? కణాల మార్పిడి వెనకున్న ప్రశ్న ఇదే. మా బామ్మర్ది అడిగింది వెర్రి ప్రశ్నేమీ కాదన్నమాట.

ఇంకా తమాషా ఏమిటంటే, ఈ కథ మొదలైంది నేను రోజూ తిరిగే ఊళ్ళోనే. గో ట్రెయిన్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, సబ్‌వేలో క్వీన్స్ పార్క్ దగ్గర దిగుతాను. యూనివర్సిటీ అవెన్యూకి రెండు వైపులా ఆసుపత్రులే. వాటిలో ప్రిన్సెస్ మార్గరెట్ ఒకటి. అది ఇక్కడికి మారకముందు షెర్‌బోర్న్ వీధిలో ఉండేది. అక్కడి ఆంటారియో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎర్నెస్ట్ మెకల్లక్ అనే డాక్టరు, జేమ్స్ టిల్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి పనిచేసేవారు. ఎలుకలకి రేడియేషన్ ఇచ్చి వాటి ఎముకల మజ్జని చంపేసి, వేరే ఎలుకల మజ్జ కణాలు ఎక్కించారు. పది రోజుల తర్వాత చూస్తే ప్లీహం మీద బొడిపెలు. ఎన్ని ఎక్కువ కణాలు ఎక్కిస్తే అన్ని ఎక్కువ బొడిపెలు. 1961లో ఆ సంగతి ప్రచురించారు. ఒక్కో బొడిపె ఒకే ఒక్క కణం నుంచి పుట్టిందని 1963లో చూపించారు. తనలాంటివాటినీ, రకరకాల రక్తకణాలనీ పుట్టించగల మూలకణం ఉందనడానికి మొదటి గట్టి రుజువు అది. 2005లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు వచ్చింది. నేను ఆ ఆసుపత్రి ముందు నుంచి ఇన్నేళ్ళు కాఫీ కప్పుతో నడిచి వెళ్ళాను, ఒక్క రోజూ తలెత్తి చూడలేదు.

తర్వాత 1997లో బోస్టన్‌లో తకయుకి అసహార, జెఫ్రీ ఇస్నర్ బృందం పెద్దవాళ్ళ రక్తంలోనే రక్తనాళాల లోపలి పొరగా మారగల కణాలు ఉన్నాయని చెప్పింది. అంతవరకు కొత్త నాళాలు అలా పుట్టేది తల్లి కడుపులో ఉన్నప్పుడే అనుకునేవారు. అక్కణ్ణుంచి ఆశ పెరిగింది.

2002లో జపాన్ వాళ్ళ ఫలితం లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోగికి మత్తిచ్చి, తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోంచి కావలసిన కణాలని వేరుచేసి, పిక్క కండలో 40 చోట్ల సూదితో వేశారు. రెండు కాళ్ళూ దెబ్బతిన్న 22 మందిని తీసుకుని ఒక కాలికి మజ్జ కణాలు, రెండో కాలికి మామూలు రక్తంలోని కణాలు ఇచ్చారు. నాలుగు వారాల్లో మజ్జ కణాలు పడిన కాలు మెరుగైంది. నొప్పి తగ్గింది, ఆగకుండా నడిచే సమయం పెరిగింది. పైన చెప్పిన రక్తపోటు అంకెలో రెండు కాళ్ళకీ తేడా దాదాపు 0.09. చిన్న అంకెలా ఉంది కదా. 0.4 దగ్గర ఉన్నవాడికి అది చిన్నది కాదు.

ఇది చదివిన రాత్రి నాకు సిగ్గేసింది. "మోసం" అనేశానే అని.

మరుసటి రాత్రి నెదర్లాండ్స్ వాళ్ళది చదివాను. జువెంటాస్ అని పేరు, యూట్రెక్ట్‌లో చేశారు, 2015లో ప్రచురించారు. 160 మంది. సగం మందికి వాళ్ళ మజ్జ కణాలు తొడ దగ్గరి ధమనిలోకి మూడుసార్లు ఎక్కించారు. మిగతా సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి ద్రవం. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. ఆరు నెలల్లో కాలు పోగొట్టుకున్నవాళ్ళు కణాలు పడినవాళ్ళలో 19 శాతం, ఉత్తుత్తి ద్రవం పడినవాళ్ళలో 13 శాతం. గణాంకాల లెక్కలో ఆ తేడా తేడా కిందకి రాదు, అంటే కణాల వల్ల లాభం కనపడలేదు. నన్ను ఆపిన సంగతి ఇంకోటుంది. నొప్పి, రక్తపోటు అంకె రెండు గుంపుల్లోనూ మెరుగయ్యాయి. ఏమీ ఎక్కించనివాళ్ళకి కూడా! శ్రద్ధగా చూసే డాక్టర్లు, పుండుకి సరైన డ్రెస్సింగు, మందులు, కాలం, ఇవన్నీ కలిసి చేసిన పని అది. ఉత్తుత్తి గుంపు లేకపోతే ఆ ఘనత మొత్తం కణాలకే రాసేసేవాళ్ళం.

మా ఉద్యోగంలో ఇది రోజూ చూసేదే. సర్వరు నెమ్మదించింది, ఎవడో ఒక సెట్టింగు మార్చాడు, సాయంత్రానికి బాగైంది. "నేనే బాగుచేశా" అంటాడు. సాయంత్రం జనం తగ్గారు, అందుకని బాగైంది. మార్చని సర్వరు ఇంకోటి పక్కన పెట్టి చూస్తే తప్ప తెలీదు. ఈ రంగంలో వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసినవాళ్ళు కూడా ఇదే చెప్పారు. అన్నీ కలిపితే కణాలు కాళ్ళని కాపాడుతున్నట్టు కనపడుతుంది. ఉత్తుత్తి గుంపు ఉన్నవాటిని మాత్రమే ఏరి లెక్కేస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది.

కణాలు పనిచేసే తీరు గురించి కూడా అభిప్రాయం మారింది. ఎక్కించిన కణాలే నాళాలుగా అల్లుకుంటాయని మొదట్లో అనుకున్నారు. కానీ వాటిలో ఎక్కువ భాగం కొన్నాళ్ళకే పోతాయి. ఉన్నన్నాళ్ళూ నాళాలు పెరగమని చెప్పే ప్రొటీన్లని వదులుతాయి, వాపుని తగ్గిస్తాయి. అంటే బోదె తవ్వే కూలీలు కాదు, గట్టు మీద నిలబడి ఊళ్ళో కూలీలని కేకేసి పిలిచే మేస్త్రీలు. పిలిస్తే వచ్చే కూలీలు చేలో మిగిలి ఉండాలి మరి.

ఇంక నాకు అసలు ఆశ్చర్యం కలిగించిన సంగతి. కెనడాలో కాళ్ళ రక్తప్రసరణకి అనుమతి ఉన్న కణచికిత్స ఒక్కటీ లేదు. రోగి ఒంట్లోంచే తీసి మళ్ళీ రోగికే ఎక్కించే కణాలైనా సరే, అవి మందుల కిందకే వస్తాయి, అనుమతి లేకుండా ఇవ్వకూడదని హెల్త్ కెనడా 2019లో స్పష్టంగా చెప్పింది. కానీ ఇండియాలో ఉంది! బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ సంస్థ తయారుచేసిన స్టెంప్యూసెల్‌కి మన డ్రగ్స్ కంట్రోలర్ 2016లో పరిమిత అనుమతి ఇచ్చారు. అదీ సరిగ్గా బర్జర్స్ జబ్బు వల్ల కాలు పోయే స్థితిలో ఉన్నవాళ్ళకే. ఆరోగ్యంగా ఉన్న దాతల మజ్జ నుంచి తీసి ల్యాబులో పెంచిన కణాలు అవి. రోగి బరువుని బట్టి కిలోకి 20 లక్షల కణాల చొప్పున పిక్క కండలో, పుండు చుట్టూ వేస్తారు. 2017లో వచ్చిన వాళ్ళ పేపర్లో 90 మంది రోగులున్నారు. కణాలు పడినవాళ్ళకి రాత్రి నొప్పి తగ్గి, పుండ్లు బాగా మానాయని రాశారు. ఆ ప్రయోగంలో ఎవరు ఏ గుంపులో పడాలో లాటరీ తీయలేదు, ఉత్తుత్తి ఇంజెక్షనూ లేదు. అది దాని బలహీనత. అయినా లెక్క ఉంది, దాని మీద ఒక అధికారి సంతకం ఉంది.

కెనడాలో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు అనుకున్నవాణ్ణి, ఈ విషయంలో మా ఊరే కెనడా కంటే ముందుంది.

వెంటనే బామ్మర్దికి ఫోన్ చేసి, "ఒరేయ్, నేను తొందరపడ్డాను. ఆ వైద్యం పూర్తిగా అబద్ధం కాదు. కానీ వాళ్ళని మూడు ప్రశ్నలు అడుగు," అన్నాను. ఆ కణాలకి డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉందా? లేదా ఇది ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఎంత? ప్రయోగమైతే మన దగ్గర డబ్బులెందుకు తీసుకుంటున్నారు? ఇండియాలో 2009 నుంచి ప్రతి ప్రయోగమూ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. అనుమతి లేని స్టెమ్ సెల్ వైద్యాన్ని ట్రయల్ బయట అమ్మకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉంది.

వాడు అడిగాడు. అటునుంచి నంబరు రాలేదు. "ఈ వారంలో కడితే యాభై వేలు తగ్గిస్తాం" అని వచ్చింది. కొబ్బరితోట బేరం అక్కడితో ఆగింది.

ఆ వారమే రక్తనాళాల సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన స్టెమ్ సెల్స్ గురించి ఓపిగ్గా విని, "తర్వాత చూద్దామండి. ముందు చుట్ట మానతాడా?" అన్నాడట. అత్తయ్యకి కోపం వచ్చింది. వేలు నల్లబడుతుంటే చుట్ట గురించి మాట్లాడతాడేంటని. నాకు మాత్రం ఆ పది రోజుల చదువులో దొరికిన అతి పెద్ద అంకె గుర్తొచ్చింది. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వాళ్ళు 1990లో తమ బర్జర్స్ రోగుల లెక్క వేశారు. పొగాకు పూర్తిగా మానినవాళ్ళలో 94 శాతం మందికి ఏ వేలూ, ఏ కాలూ తీయాల్సిన అవసరం రాలేదు. మానని వాళ్ళలో 43 శాతం మందికి వచ్చింది. నేను చదివిన కణాల పేపర్లలో ఏ ఒక్కదాంట్లోనూ ఇంత తేడా లేదు.

మామయ్యని అడ్మిట్ చేసి హెపారిన్ మొదలుపెట్టారు. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈ మందుని 1930లలో మనుషులకి వాడగలిగేంత శుభ్రంగా తీసింది కూడా టొరంటో వాళ్ళే, ఇన్సులిన్ బృందంలోని చార్లెస్ బెస్ట్ ఆధ్వర్యంలో. తర్వాత నాళాలని వెడల్పు చేసే ప్రోస్టాగ్లాండిన్ జాతి మందు రోజూ గంటల తరబడి ఎక్కించారు. ఆ జాతిలోదే ఐలోప్రోస్ట్ అనే మందుతో ఇక్కడ ఉత్తరాన యూకాన్‌లో, వైట్‌హార్స్ ఆసుపత్రిలో, మంచులో గడ్డకట్టిన వేళ్ళని కాపాడారని 2016లో కెనడా వైద్యపత్రికలో రాశారు. వాళ్ళు మైనస్ నలభైల్లో పరుగుపందెం పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ వేళ్ళకీ మామయ్య వేళ్ళకీ ఒకే కుటుంబం మందు.

బొటనవేలు తీసేశారు. పక్క వేలు మిగిలింది.

చుట్ట మానడం మాత్రం ఏ పేపర్లోనూ రాసినంత తేలిక కాదు. మొదటి వారం మామయ్య అందరినీ తిట్టాడు. నికొటిన్ పట్టీలు కూడా ఈ జబ్బుని ఎగదోయవచ్చు కాబట్టి వద్దన్నారు. అత్తయ్య ఇంట్లో ఉన్న పొగాకు కట్టలన్నీ తమ్ముడింటికి పంపేసింది. రెండో నెలలో ఒకసారి గట్టు మీద ఎవరో ఇస్తే ముట్టించాడు. ఆ రాత్రి పాదం మళ్ళీ మండింది. "ఆయ్, అర్థమైందిరా అల్లుడూ, అదే పిలుత్తంది, అదే నరుకుతంది," అన్నాడు ఫోన్లో. మళ్ళీ ముట్టలేదు.

పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. కణాల అవసరం రాలేదు. రేపు జబ్బు తిరగబెడితే బెంగళూరు మందు గురించి అడుగుదామని సర్జన్ కాగితంలో రాసి పెట్టాడు. ఆ కాగితం బీరువాలో ఉంది.

ఒకటి దాచకుండా చెప్పాలి. మామయ్య లంకలో పొగాకు వేయడం మానలేదు. "నేను కాల్చట్లేదుగా," అంటాడు. ఆ చుట్టలు ఎవరో కాలుస్తారు. ఈ మాట నేనింకా ఆయనతో అనలేదు. ఆ పొగాకు డబ్బులే అమ్మ పెళ్ళికీ, కొంతవరకు నా ఇంజనీరింగు ఫీజుకీ వెళ్ళాయి.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళాను. మామయ్య నన్ను గట్టు మీదకి తీసుకెళ్ళాడు. కొంచెం వంకరగా నడుస్తున్నాడు గానీ లాకుల దాకా ఆగకుండా నడిచాడు. తిరిగొచ్చాక అత్తయ్య కాఫీ ఇస్తూ మెల్లగా అడిగింది.

"అల్లుడూ, అప్పుడే ఆ సూదులు వేయిస్తే వేలు మిగిలేదంటావా?"

ఏడాదిగా ఆవిడ మనసులో ఇది ఉందని నాకు తెలీదు. తోట అమ్మనందుకు వేలు పోయిందేమోనని లోపల్లోపల నలుగుతోంది.

"లేదత్తయ్యా. నల్లబడిన వేలు అప్పటికే పోయింది. చచ్చినదాన్ని ఏ కణాలూ బతికించవు. మిగిలిన పాదం మామయ్య మానినందుకు మిగిలింది. నువ్వు ఆ కట్టలు ఇంట్లోంచి పంపేసినందుకు మిగిలింది."

అత్తయ్య ఏమీ అనలేదు. వాకిట్లోకి వెళ్ళి మామయ్య చెప్పులు సరిగ్గా పెట్టింది. ఎడమ చెప్పులో ముందు భాగంలో కొంచెం దూది కుక్కి ఉంది, బొటనవేలు ఉండాల్సిన చోట.

మీ ఇళ్ళల్లో ఎవరికైనా నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే, దాన్ని తిమ్మిరి అనుకోకండి. చీలమండ దగ్గర రక్తపోటు చూడమని అడగండి. పది నిమిషాల పని.